యాభై ఆరు డిగ్రీలు, ముప్పై మినిట్స్

"అంతర్జాతీయ నిబంధనల్ని పాటించడం ఏ దేశమైనా చేస్తుంది. వాటిని మెరుగుపరిచే దమ్ము మాత్రం మనకే ఉంది!"

మా మంత్రిగారు ఈ మాట అన్న ఉదయం ఆడిటోరియం చప్పట్లతో మారుమోగిపోయింది. నేనూ అరచేతులు ఎర్రబడేదాకా కొట్టాను. ఏ నిబంధనలన్న సంగతి మంత్రిగారికి అప్పటికి తెలియదు. మాకూ తెలియదు. విదేశాల నుంచి వచ్చిన కవరు ఇంకా విప్పలేదు. విప్పని కవరులో ఉన్నదాన్ని మెరుగుపరుస్తానని మాటివ్వగల నాయకుడు ఎన్ని దేశాలకు దొరుకుతాడో పాఠకులే ఆలోచించుకోవాలి.

చప్పట్లు తగ్గాక డైరెక్టరుగారు కవరు విప్పారు. లోపల ఒకే ఒక్క పేజీ, ఇంగ్లీషులో. ఓడల్లో పంపే సరుకు కింద వేసే చెక్క చట్రాలను ప్యాలెట్లంటారు. వాటిలో పురుగు లేకుండా ఎలా చూసుకోవాలో అందులో రాశారు. చెక్కను తొలిచే పురుగు ఆ చట్రాల్లో దాక్కుని, టిక్కెట్టు లేకుండా సముద్రాలు దాటి, దిగిన చోట అడవుల్ని నమిలేస్తోందట.

"దీన్ని జనం భాషలోకి మార్చండి. రెండింటికల్లా గెజిట్‌కి వెళ్లిపోవాలి," అని డైరెక్టరుగారు ఆ కాగితం నా చేతిలో పెట్టారు. నేను ఆ శాఖలో అనువాదకుణ్ణి. గ్రేడ్ టూ.

మా శాఖలో అనువాదానికి రెండు సూత్రాలున్నాయి. రెండూ డైరెక్టరుగారి సృష్టే. మొదటిది, జనం నోట్లో నలిగే ఇంగ్లీషు మాటల్ని అలాగే ఉంచేయాలి, మారిస్తే జనం హడలిపోతారు. రెండోది, మార్చక తప్పని మాటకు డిక్షనరీలో ఉన్న మొదటి అర్థమే వాడాలి. రెండో అర్థం దాకా వెళ్లినవాణ్ణి, ఎవరికి మేలు చేయడానికి అంత దూరం వెళ్లావని విజిలెన్సు వాళ్లు అడుగుతారు.

రెండు సూత్రాలూ తు.చ. తప్పకుండా పాటించి ముప్పావుగంటలో పని ముగించాను. నా అనువాదం ఇలా తేలింది:

"ప్యాలెట్ కలప కోర్‌కు కనీసం యాభై ఆరు డిగ్రీలు ఉండవలెను. ముప్పై మినిట్స్ ఎడతెగకుండా జరగవలెను. మధ్యలో డిగ్రీలు తగ్గినచో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలెను. కలప మొరగరాదు. ఇవన్నీ సక్రమముగా ఉన్న ప్యాలెట్‌పై ముద్ర వేయవలెను."

కలప మొరగడం దగ్గర నాకు కాస్త అనుమానం వచ్చిన మాట నిజం. మళ్లీ డిక్షనరీ తీశాను. 'బార్క్' అన్న మాటకు మొదటి అర్థం మొరగడమే. రెండో అర్థం కూడా ఏదో ఉంది. కానీ నాకు పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పుస్తకం మూసేశాను.

మంత్రిగారి గదిలో డైరెక్టరుగారు దాన్ని బిగ్గరగా చదివి వినిపించారు.

"కోర్ అంటే?" అన్నారు మంత్రిగారు.

"కోర్ కమిటీ సార్. బాగా డిగ్రీలున్న వాళ్లతో వెయ్యాలి. అందరివీ కలిపితే యాభై ఆరుకి తగ్గకూడదు."

"మినిట్స్?"

"మీటింగ్ మినిట్స్ సార్, చర్చల రికార్డు. ముప్పై మీటింగులు, ముప్పై మినిట్స్. ఎక్కడా బ్రేక్ రాకూడదు."

"ఇదంతా వాళ్లు చెప్పిందే కదయ్యా. మరి మనం మెరుగుపరిచేదేంటి?"

డైరెక్టరుగారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. "మినిట్స్‌ని మూడేసి కాపీలు తీయిద్దాం సార్. వాళ్లు కాపీల ఊసే ఎత్తలేదు."

మంత్రిగారు కుర్చీలోంచి లేచి డైరెక్టరుగారి చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. మా అక్క భర్త. రేవు రోడ్డులో ఆయనకో ప్యాలెట్ల షెడ్డు, పదకొండు మంది వడ్రంగులు, ఒక కుక్క, ఒక వేడి గది ఉన్నాయి. వేడి గదంటే ఇనుప రేకుల గది. ప్యాలెట్లను లోపల పేర్చి, తలుపు బిగించి, వేడిగాలి తోలుతారు. ఒక చెక్కకు నడిమధ్య దాకా బర్మాతో బెజ్జం వేసి, థర్మామీటరు తీగను అందులోకి దూర్చి, బావ బయట గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ముల్లు యాభై ఆరుకు చేరాక అరగంట లెక్కపెడతాడు. ఇరవై తొమ్మిదో నిమిషంలో యాభై అయిదుకు జారినా లెక్క మళ్లీ మొదటి నుంచే. పక్కన చూసేవాడు ఒక్కడు లేకపోయినా అంతే. "ఎవరూ చూడట్లేదని పురుగు దానంతటది చచ్చిపోతుందా?" అంటాడు. ఇలాంటి మొండి మనుషుల వల్లే పనులు ఆలస్యమవుతున్నాయని మా ఆఫీసులో అందరి అభిప్రాయం.

ఆ నెలలో బావకు పెద్ద ఆర్డరు వచ్చింది. నీటి పంపుల కంపెనీ ఆరు వందల ప్యాలెట్లు అడిగింది. వచ్చే నెల ఇరవై ఎనిమిదిన ఓడ. ఆ తేదీకి ముద్ర పడిన ప్యాలెట్లు అందకపోతే కంపెనీ ప్లాస్టిక్‌కు మారిపోతుంది. ఒకసారి మారిందంటే ఇక చెక్క మొహం చూడదు. బావ షెడ్డుకు తాళం వేసుకుని, పదకొండు మందికీ నమస్కారం పెట్టుకోవాలి. ఆయన అప్పటికే ఆరు వందలూ చేసి, వేడి చేసి, వరుసగా పేర్చి, ముద్ర కోసం మా ఆఫీసుకు వచ్చాడు.

"సార్, నా కలప రెడీ. కోర్‌కి యాభై ఆరు వచ్చేసింది," అన్నాడు డైరెక్టరుగారితో.

"కోర్‌లో ఎవరెవరున్నారు?"

బావ నావైపు చూశాడు. నేను ఫ్యానువైపు చూశాను.

"కోర్‌లో ఎవరూ లేరు సార్. ఉండకూడదనే కదా వేడి చేసింది."

"సరే, మీకెన్ని?"

"నాకేంటి సార్?"

"డిగ్రీలు."

"నాకు జ్వరమేం లేదు సార్."

డైరెక్టరుగారిది చాలా ఓర్పు గల మనసు. "మీ చదువు గురించి అడుగుతున్నానండీ."

"పదో తరగతి."

"అంటే సున్నా," అని రాసుకున్నారు. "మినిట్స్?"

"ముప్పై. ఒక్కటి కూడా తగ్గలేదు."

"ఏవీ, చూపించండి."

"అయిపోయిన నిమిషాల్ని ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించమంటారు సార్?"

"చూశారా," అన్నారు డైరెక్టరుగారు నాతో. "రికార్డు లేదు."

వరండాలోకి రాగానే బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమోయ్, మీ ఆఫీసులో అందరికీ ఒంట్లో బాగానే ఉందా?"

నేను గర్వంగా గెజిట్ కాపీ తీసిచ్చాను. ఆయన గోడకు ఆనుకుని చదివాడు. చదివి, మళ్లీ చదివాడు.

"డిగ్రీలంటే వేడి కదటోయ్! మినిట్స్ అంటే నిమిషాలు. కోర్ అంటే చెక్క నడిమధ్య. బార్క్ అంటే బెరడు. చెక్కకి బెరడు ఉండకూడదంటే, మొరగకూడదంటాడేంటి? ఏ మహానుభావుడు రాశాడిది?"

"ప్రభుత్వం," అన్నాను.

ఆ వారంలోనే కోర్ కమిటీ ఏర్పడింది. యాభై ఆరు డిగ్రీలు పోగు చేయడం మాటలు కాదు. ఒక రిటైర్డ్ ప్రిన్సిపాలుగారు పదకొండు డిగ్రీలతో వచ్చారు. ఎనభై రెండేళ్ల వయసులో ఆయన పన్నెండోదానికి చదువుతున్నారు. ఇంకొకాయనకు తొమ్మిది. ఒక్కదానితోనూ ఉద్యోగం రాలేదని, అందుకే తొమ్మిది చేశానని చెప్పుకున్నాడు. కలప గురించి తెలిసిన ప్రొఫెసరమ్మ ఒకావిడ కూడా దరఖాస్తు పెట్టింది. ఆవిడకున్నవి మూడే. ఒక కుర్చీకి మూడంటే గిట్టుబాటు కాదని తిప్పి పంపారు. చివరికి ఎనిమిది మందితో లెక్క సరిగ్గా యాభై ఆరు అయింది.

మెరుగుపరిచిన ప్రమాణాల ప్రకారం తయారయ్యే మొట్టమొదటి ప్యాలెట్ కోసం మంత్రిగారు తన బంగళా ఆవరణలో ఉన్న చెట్టునే త్యాగం చేశారు. అది ఏడాదిగా ఎండిపోతోంది, ఏ కొమ్మ ముట్టుకున్నా బెజ్జాలే. అయినా త్యాగం త్యాగమే. ఆ చెట్టుతోనే ఒక ప్యాలెట్, మిగిలిన కలపతో కమిటీకి ఒక పొడవాటి టేబులు చేయించారు. వేడి తగలని ప్యాలెట్‌ను, బెరడుతో సహా, టేబులు మధ్యలో పెట్టి, చుట్టూ కోర్ కమిటీ కూర్చుంది. ఏసీ ఇరవై రెండు మీద పెట్టారు. మినిట్స్ రాసే భాగ్యం నాకు దక్కింది.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. "మొదటి మీటింగు: బల్లపై కలప ఉన్నట్టు కమిటీ గమనించింది. రెండో మీటింగు: నిన్న గమనించినదాన్ని ధ్రువీకరించింది. మూడో మీటింగు: నిన్న ధ్రువీకరించినదాన్ని హర్షించింది." ఏడో మీటింగులో మాత్రం చర్చ వేడెక్కింది. ప్యాలెట్ ఏ వైపు ముందు, ఏ వైపు వెనక అన్నది తేలలేదు. రెండు వైపులూ ముందేనని తీర్మానించి లేచారు.

పదో మీటింగుకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మొరుగుడు పరీక్ష ఆయన బాధ్యత. ప్యాలెట్‌కు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"సార్, ఇది మొరగట్లేదు," అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "కానీ కరకరమంటోంది."

అందరం టేబులు మీదికి వంగాం. ఆ కరకర మాకూ వినిపించింది.

"రూల్స్‌లో కరకర గురించి ఏముంది?" అని డైరెక్టరుగారు నన్నడిగారు.

"ఏమీ లేదు సార్."

"అయితే రాయండి. కలప మొరగడం లేదు. కరకర విషయంలో అంతర్జాతీయ సమాజం మౌనం వహించింది."

అదే ఇన్‌స్పెక్టరు మర్నాడు బావ షెడ్డుకు వెళ్లాడు. పేర్చిన ప్యాలెట్లలో ఒకదానికి చెవి ఆనించగానే, అపరిచితుణ్ణి చూసిన కుక్క గొంతు చించుకుని మొరిగింది. ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేసి రాసుకున్నాడు.

"అది కుక్కండీ బాబూ!" అన్నాడు బావ.

"ఏ ప్యాలెట్‌దో తేలేదాకా ఆరు వందలూ అనుమానితాలే."

"ప్యాలెట్‌ది కాదండీ, కుక్కది! అదిగో, తోక ఊపుతోంది చూడండి."

"తోక సంగతి నా పరిధిలోకి రాదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు మర్యాదగా.

మా అక్క వచ్చి కుక్కను తాడు కట్టి ఇంటికి తీసుకుపోయింది. మళ్లీ పరీక్ష చేస్తే ప్యాలెట్లు మొరగలేదు. కరకర కూడా అనలేదు. అసలు ఏ చప్పుడూ లేకపోవడం ఇన్‌స్పెక్టరుకు అనుమానంగా తోచింది గానీ, పాపం, వదిలేశాడు.

కమిటీ విజయవంతంగా ఇరవై రెండో మీటింగుకు చేరింది. ఆ రోజే పిడుగు పడింది. తొమ్మిది డిగ్రీలాయన డిగ్రీల్లో ఒకటి ఏ యూనివర్సిటీదీ కాదని, అది ఒక జిరాక్సు షాపు వాళ్లు ఇచ్చిందని పేపర్లో వచ్చింది. కోర్ యాభై అయిదుకు పడిపోయింది. నిబంధన నిబంధనే. డైరెక్టరుగారు కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఇరవై రెండు మీటింగులనూ రద్దు చేశారు.

మంత్రిగారు ఊరుకునే మనిషా? నకిలీ డిగ్రీల మీద యుద్ధం ప్రకటించారు. దేశంలో ఎక్కడెక్కడ అనధికారంగా డిగ్రీలు వస్తున్నాయో జాబితా తీయించారు. మూడో రోజున బావ షెడ్డుకు నోటీసు వెళ్లింది. "మీ ఆవరణలోని ఇనుప గదిలో, ఏ యూనివర్సిటీ గుర్తింపూ లేకుండా, ప్రతిరోజూ యాభై ఆరు డిగ్రీలు ఇస్తున్నట్టు మా దృష్టికి వచ్చినది. అందులో చేరిన వారి వివరములు తెలుపవలెను." బావ 'చెక్కలు' అని జవాబు రాశాడు. అధికారుల్ని వెక్కిరించినట్టు తీసుకుని వేడి గదికి సీలు వేశారు.

ఆదివారం పొద్దున్నే అక్క మా ఇంటికొచ్చింది. చేతిలో తాడు, తాడు చివర కుక్క. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"నువ్వే రాశావటగా!"

"అక్కా, అది ఆఫీసు సూత్రం ప్రకారం..."

"ఒరేయ్ తమ్ముడూ, చిన్నప్పుడు నీకు ఇంగ్లీషు అక్షరాలు దిద్దబెట్టింది నేను. బెరడుకీ మొరగడానికీ తేడా తెలియనివాడివి కాదు నువ్వు. నిన్నట్నుంచి మీ బావ ఆ సీలు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏం చేస్తున్నారండీ అంటే, గడియారం చూస్తున్నానంటున్నారు. ఆ పదకొండు మందీ పనిముట్లు సంచుల్లో సర్దుకుని గోడవారగా నిలబడ్డారు. పొమ్మని ఈయన అనరు, పోతామని వాళ్లు అనరు. నాకు భయంగా ఉందిరా."

అక్కకు భయం వేయడం నేనెప్పుడూ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. కుక్క మాత్రం వెళ్తూ వెళ్తూ నావైపు తిరిగి ఒక్కసారి మొరిగింది. దాని అనువాదం నాకు బాగానే అర్థమైంది.

సోమవారం ఆఫీసు తెరవగానే ఒక సవరణ పత్రం రాసి డైరెక్టరుగారి ముందు పెట్టాను. "మినిట్స్ అనగా నిమిషములు. డిగ్రీలు అనగా వేడి. కోర్ అనగా చెక్క నడిమధ్య. మొరగరాదు అను చోట బెరడు ఉండరాదు అని చదువుకొనవలెను."

ఆయన చదివి, తలుపు వేసి రమ్మన్నారు.

"అంటే ఇరవై రెండు మీటింగులూ దండగంటారా?"

"అవి ఎలాగూ రద్దయ్యాయి కదా సార్."

"రద్దవడం వేరు, దండగవడం వేరు. రద్దయినవాటికి గౌరవం ఉంటుంది. పైగా నిమిషములు అంటే జనానికి అర్థమవుతుందా? బెరడు అంటే ఎంతమందికి తెలుసు? మొరగడం చిన్నపిల్లాడికి కూడా తెలుసు. సరళమైన భాషని ఇలా పాడుచేస్తే ఎలాగండీ?"

"సార్, మా బావ షెడ్డు మూతపడుతుంది."

అప్పుడు డైరెక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయనది వెన్నలాంటి మనసని ముందే చెప్పాల్సింది. "మీ బావగారి సంగతి నేను చూసుకుంటాగా. మనకి ఒక డిగ్రీ తగ్గింది. ఆయనకి ఒక డిగ్రీ కావాలి. రెండు సమస్యలూ ఒకదానికొకటి ఎదురొచ్చాయి, అంతే."

గురువారం మధ్యాహ్నం యూనివర్సిటీ వాళ్లు బావకు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. కలపకు చేసిన సేవకు గాను. కార్యక్రమం పావుగంటలో ముగిసింది. అంతకంటే ఎక్కువసేపు వేడిలో నిలబడటం కష్టమని వైస్ ఛాన్సలరుగారు అన్నారు. బావ గౌను వేసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, జేబులో ఉన్న థర్మామీటరు తీగను పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, కమిటీలో కూర్చుంటే నా ప్యాలెట్లకి ముద్ర వేస్తారా?" అని డైరెక్టరుగారిని అడిగాడు.

"ముప్పై మినిట్స్ పూర్తవగానే వేస్తాం. రోజుకి మూడు మీటింగులు పెడతాం. ఇరవయ్యో తేదీకి అయిపోతుంది. మీ ఓడ ఇరవై ఎనిమిదికి కదా?"

బావ వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. లెక్క సరిపోయింది. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను. వడ్రంగులకు కబురు పెట్టాడు, సంచులు విప్పుకోమని.

నిజం చెప్పాలంటే ఆ కమిటీలో బావంత శ్రద్ధగా కూర్చున్నవాళ్లు లేరు. డిగ్రీలు తగ్గితే మళ్లీ మొదటికొస్తుందన్న సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ప్రిన్సిపాలుగారు దగ్గితే లేచి మంచినీళ్లిచ్చేవాడు. ఎవరైనా సెలవు అంటే ఇంటికెళ్లి తీసుకొచ్చేవాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు "అసలు ఇందులో పురుగుందండీ" అన్నాడు. ఎజెండాలో లేదన్నారు. ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం ముప్పయ్యో మీటింగు ముగిసింది. మంత్రిగారు స్వయంగా వచ్చి, కెమెరాల ముందు ఆ ప్యాలెట్‌పై ముద్ర వేశారు. ముద్ర కొట్టిన చోట చెక్క కాస్త లోపలికి దిగింది. చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగాక బావ లేచాడు. "సార్, మరి నా ఆరు వందలు?"

"వాటికీ వేస్తామండీ," అన్నారు డైరెక్టరుగారు. "ఇప్పుడైనవి ఈ ప్యాలెట్‌ తాలూకు ముప్పై. మీ మొదటి ప్యాలెట్‌కి రేపట్నుంచి మొదలుపెడదాం."

"మొదటిదానికా? ఒక్కోదానికీ విడివిడిగా ముప్పయ్యా?"

"మరి? ఒకదాని మినిట్స్ ఇంకోదానికి ఎలా వాడతాం?"

బావ ఈసారి వేళ్ల మీద లెక్కపెట్టలేదు. పద్దెనిమిది వేల మీటింగులు. రోజుకు మూడు చొప్పున, ఆదివారాలు కూడా కలుపుకుంటే, పదహారేళ్ల పైచిలుకు. మంత్రిగారు ఆయన చెయ్యి గట్టిగా ఊపి, "మీలాంటి వాళ్లకి పదహారేళ్లు చేతినిండా పని కల్పించాం," అని వెళ్లిపోయారు.

ఇరవై ఎనిమిదిన ఓడ బయల్దేరింది. బావ, నేను రేవు గోడ దగ్గర నిలబడి చూశాం. నీటి పంపులన్నీ నీలం రంగు ప్లాస్టిక్ ప్యాలెట్ల మీద ఎక్కాయి. ఆఖర్న మా శాఖ ప్యాలెట్ ఎక్కింది. దాని మీద మినిట్స్ మూడు కాపీలు తాళ్లతో బిగించి ఉన్నాయి. క్రేను దాన్ని పైకి లేపుతున్నప్పుడు తెల్లటి పిండి సన్నగా కింద రాలింది. బావ దాన్ని అరచేతిలో పట్టుకుని చూసి, చెయ్యి దులుపుకున్నాడు. ఆయన ఒక్క మాట అని ఉన్నా నాకు తేలిగ్గా ఉండేది.

ఆ సాయంత్రం పదకొండు మంది వడ్రంగులూ సంచులు తీసుకుని వెళ్లిపోయారు. షెడ్డుకు బావే తాళం వేశాడు.

నెలన్నర తర్వాత మా శాఖ ప్యాలెట్ అదే ఓడలో తిరిగొచ్చింది, ఒక ఉత్తరంతో సహా. ఉత్తరం నా దగ్గరికి వచ్చింది. ఈసారి డిక్షనరీ ముట్టుకోలేదు, ఉన్నది ఉన్నట్టు రాశాను. "మీ చెక్క నిండా బతికున్న పురుగులున్నాయి. చెక్క నడిమధ్య దాకా యాభై ఆరు డిగ్రీల వేడి ముప్పై నిమిషాల పాటు తగలాలి. బెరడు ఉండకూడదు. దయచేసి ఈ నిబంధనను ఒకసారి చదవండి."

డైరెక్టరుగారు ఎర్ర పెన్ను తీసుకుని నా అనువాదాన్ని సరళం చేశారు. మర్నాడు మంత్రిగారు అదే ఆడిటోరియంలో చదివారు.

"మన ప్యాలెట్‌లో జీవం ఉట్టిపడుతోందని విదేశాలు రాతపూర్వకంగా ఒప్పుకున్నాయి! అంతే కాదు. ఇకపై అక్కడ కూడా యాభై ఆరు డిగ్రీలు, ముప్పై మినిట్స్ ఉండాల్సిందేనని తేల్చి చెప్పాయి. మన దారికి ప్రపంచం వచ్చింది!"

చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను లెక్కపెట్టలేదు. నా చేతులు కూడా కదిలాయి. ఆ నెలలోనే నాకు గ్రేడ్ వన్ ఇచ్చారు. వద్దనలేదు. అక్క ఇంటికి వెళ్లడం మాత్రం తగ్గించాను. కుక్క నన్ను చూస్తే ఊరుకోవడం లేదు.

కోర్ కమిటీ ఇప్పుడు శాశ్వత కమిటీ అయింది. రోజుకు మూడు మీటింగులు నడుస్తున్నాయి. బావ ఒక్కరోజు కూడా మానలేదు. మానితే కోర్ యాభై అయిదుకు పడిపోతుంది, తన ప్యాలెట్ల లెక్క మొదటికొస్తుంది. మొన్న మధ్యాహ్నం ఆయన ఎనిమిదో ప్యాలెట్‌కు పంతొమ్మిదో మీటింగు జరిగింది. తీర్మానం రాసి పుస్తకం ఆయన ముందు పెట్టాను. పేజీ మీద తెల్లటి పిండి పడి ఉంది. టేబులు కింద నుంచి, గదిలో అందరికీ వినపడేలా, కరకర వస్తోంది. ఎవరూ తల తిప్పలేదు.

బావ అలవాటుగా జేబులోంచి థర్మామీటరు తీగ తీశాడు. దాన్ని కాసేపు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అరచేత్తో పేజీ మీది పిండి తుడిచాడు. టేబులుకు చెవి ఆనించి విన్నాడు.

"ఏమోయ్," అన్నాడు నాతో. "ఇది మొరుగుతోందా?"

"లేదు బావా."

"అయితే సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."